‘ప్రజలు’ అంటే ఎవరు? అమెరికా తుపాకి హక్కులో తెగని ముడి

అమెరికాలో లైసెన్సు ఉన్న దుకాణంలో తుపాకి కొనాలంటే ముందుగా కౌంటర్ దగ్గర ఒక ఫారం నింపాలి. దాని నంబరు 4473. పేరు, పుట్టిన ఊరు, ఎత్తు, బరువు, పౌరసత్వం రాశాక అసలు ప్రశ్నలు మొదలవుతాయి. మీ మీద తీవ్ర నేరం రుజువైందా? పరారీలో ఉన్నారా? గంజాయి వాడతారా? (మీ రాష్ట్రంలో గంజాయికి అనుమతి ఉన్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోదన్న హెచ్చరిక పక్కనే ఉంటుంది.) జీవిత భాగస్వామిని వేధించవద్దంటూ కోర్టు ఉత్తర్వు ఏదైనా మీ మీద ఉందా? నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద దేశంలోకి వచ్చారా? ప్రతి ప్రశ్నకూ అవును, కాదు అన్న రెండు గడులే. సంతకం అయ్యాక దుకాణదారు వివరాలను ఎఫ్‌బీఐ తనిఖీ కేంద్రానికి పంపుతాడు. ఇవ్వవచ్చు, ఆగండి, ఇవ్వవద్దు అన్న మూడింటిలో ఒక జవాబు వస్తుంది, చాలాసార్లు నిమిషాల్లోనే. ‘ఆగండి’ అని వచ్చి మూడు పనిదినాలు గడిచినా విషయం తేలకపోతే, సాధారణంగా అమ్మకానికి ఫెడరల్ చట్టం అడ్డు చెప్పదు. దుకాణం ఊసు లేకుండా ఒక వ్యక్తి తన పాత తుపాకిని మరో వ్యక్తికి అమ్ముకుంటే చాలా రాష్ట్రాల్లో ఈ ఫారమే అక్కర్లేదు.

వీసా ప్రశ్న తెలుగువారికి నేరుగా తగిలేది. విద్యార్థుల ఎఫ్-1, ఉద్యోగుల హెచ్-1బీ రెండూ ఆ కోవలోవే. వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకుండా ఆ వీసాల మీద ఉన్నవారు తుపాకి కలిగి ఉండటం ఫెడరల్ నేరం. గ్రీన్‌కార్డు వచ్చిన మర్నాడు అదే మనిషి అదే దుకాణంలో కొనుక్కోవచ్చు. సరదాకి షూటింగ్ రేంజికి వెళ్లి అద్దె తుపాకితో ఫొటో దిగే కుర్రవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. కాసేపు చేతిలోకి తీసుకున్నా చట్టం దృష్టిలో అది కలిగి ఉండటమే.

అమెరికా రాజ్యాంగం రెండో సవరణ ద్వారా ఆయుధాలు ఉంచుకునే హక్కును ‘ప్రజలకు’ ఇచ్చింది. ఫారం 4473 ఆ ప్రజల్లోంచి ఎవరెవరిని పక్కకు తీశారో చెప్పే జాబితా. ఆ సవరణ మీద రెండు శతాబ్దాలుగా సాగుతున్న వాదన పైకి తుపాకుల గురించినట్టే కనిపిస్తుంది. తీర్పులను వరసపెట్టి చదివితే మాత్రం, ఆయుధం అన్న మాట దగ్గర జరిగిన గొడవ కంటే ప్రజలు అన్న మాట దగ్గర జరిగిన గొడవే పెద్దదని అర్థమవుతుంది.

ముందు ఆ వాక్యం చూడాలి. 1791 డిసెంబరు 15న ఆమోదం పొందిన రెండో సవరణ ఇంగ్లీషులో 27 మాటలు. తెలుగులో సుమారుగా ఇలా వస్తుంది: స్వేచ్ఛాయుత రాజ్యం భద్రతకు చక్కని క్రమశిక్షణ గల మిలీషియా (పౌర సేన) అవసరం కనుక, ఆయుధాలు ఉంచుకోవడానికీ పట్టడానికీ ప్రజలకు ఉన్న హక్కుకు భంగం కలిగించరాదు. ఇందులో ‘కనుక’ అనువాదకుడి చేర్పు. మూలంలో అంత తేటగా కారణం చెప్పే మాట లేదు, మొదటి సగం ఒక అసమాపక వాక్యంలా వేలాడుతూ ఉంటుంది. ‘కనుక’ అని ముడివేస్తే హక్కు మిలీషియాకు కట్టుబడుతుంది, మిలీషియా పోతే హక్కుకూ పని లేదు. ఆ సగాన్ని కేవలం ఉపోద్ఘాతం అనుకుంటే హక్కు తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. తెలుగులో రాసేవారికి ఎటో ఒకవైపు మొగ్గక తప్పదు. అమెరికన్ కోర్టులకు ఆ పని చేయడానికి 217 ఏళ్లు పట్టింది.

రెండో చిక్కు ‘పట్టడం’ దగ్గర. ఇది మన భాషలోనూ ఉన్న చిక్కే. ‘ఆయన ఇంట్లో తుపాకి ఉంది’ అంటే కాపలాకో హోదాకో లైసెన్సు తీసుకున్న పెద్దమనిషి గుర్తుకొస్తాడు. ‘అతను తుపాకి పట్టాడు’ అంటే దళంలో చేరాడని తెలంగాణ పల్లెల్లో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. సవరణలోని ఇంగ్లీషు మాటకూ 18వ శతాబ్దంలో అలాంటి సైనిక అర్థమే ప్రధానమని ఒక పక్షం అంటుంది. ఆనాటి పత్రికలనూ ఉత్తరాలనూ కంప్యూటర్‌తో గాలించిన భాషావేత్తలకు ఆ అర్థమే అత్యధికంగా కనబడింది. అయితే సవరణలో ‘ఉంచుకోవడం’ అనే మాట కూడా ఉంది కదా అని ఎదుటి పక్షం ప్రశ్న. అది ఇంటి మాట, సైన్యం మాట కాదు. కామాల సంగతి చెప్పనే అక్కర్లేదు. కాంగ్రెస్ ఆమోదించిన ప్రతిలో మూడు, రాష్ట్రాలకు చేరిన కొన్ని ప్రతుల్లో ఒకటి. వాటి మీద కూడా పేజీలకు పేజీలు వాదనలు నడిచాయి.

వాక్యం రాసినవాళ్ల భయం ఏమిటో మాత్రం తెలుసు. 1775 ఏప్రిల్ 19న బ్రిటిష్ సైనికులు మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ ఊరికి బయలుదేరింది అక్కడ దాచిన ఆయుధాలను స్వాధీనం చేసుకోవడానికి. ఆ రోజే యుద్ధం మొదలైంది. రాజు చేతిలోనో కేంద్రం చేతిలోనో శాశ్వత సైన్యం ఉంటే జనం స్వేచ్ఛ మిగలదన్నది ఆ తరానికి రక్తంలో ఇంకిన నమ్మకం. సైన్యం బదులు మిలీషియా, అంటే ఊరి మగవాళ్లే సిపాయిలు. మతవిశ్వాసం కారణంగా ఆయుధం పట్టనివారిని సైనిక సేవకు బలవంతపెట్టకూడదన్న ఉపవాక్యం కూడా 1789లో జేమ్స్ మాడిసన్ తయారుచేసిన చిత్తుప్రతిలో ఉండేది, తర్వాత తీసేశారు. మాడిసన్ మనసులో ఏ రకం ‘పట్టడం’ ఉందో చెప్పే ఆనవాలు అంతకంటే గట్టిది మరొకటి కనిపించదు.

సవరణ వచ్చిన మరుసటి ఏడాది, 1792లో, కాంగ్రెస్ మిలీషియా చట్టం చేసింది. 18 నుంచి 45 ఏళ్లలోపు ఆరోగ్యవంతుడైన ప్రతి స్వతంత్ర తెల్లజాతి పురుష పౌరుడూ ఆరు నెలల్లోగా ఒక మంచి మస్కెట్, బాయ్‌నెట్, రెండు అదనపు చెకుముకి రాళ్లు, కనీసం 24 తూటాలు పట్టే సంచి సమకూర్చుకోవాలి. అదీ సొంత ఖర్చుతో. ఈనాటి కళ్లతో చూస్తే ఇది హక్కు కంటే పన్నుకు దగ్గరగా ఉంటుంది. ‘ప్రజలు’ ఎవరో కూడా ఆ చట్టమే చెప్పేసింది. ఆడవాళ్లు కారు, నల్లవాళ్లు కారు, ఆదివాసులు కారు.

ఆ గీత ఎంత లోతుగా గీశారో, స్వేచ్ఛ కోసం కోర్టుకెక్కిన బానిస డ్రెడ్ స్కాట్ కేసులో 1857లో వచ్చిన తీర్పులో బయటపడింది. నల్లవారు పౌరులు కాలేరని తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ, పౌరులని ఒప్పుకుంటే వచ్చే ప్రమాదాలను ఏకరువు పెట్టాడు. స్వేచ్ఛగా మాట్లాడతారు, సభలు పెట్టుకుంటారు, ఎక్కడికి వెళ్లినా ఆయుధాలు ఉంచుకుని తీసుకెళ్తారు! ఒక హక్కు వ్యక్తిగతమైనదని కోర్టు గుర్తించినట్టు కనిపించే తొలి సందర్భాల్లో ఇదొకటి, దాన్ని నిరాకరించడానికే గుర్తించింది.

అంతర్యుద్ధం ముగిసిన 1865లోనే మిసిసిపీ వంటి దక్షిణాది రాష్ట్రాలు నల్లజాతి చట్టాలు తెచ్చి, బానిసత్వం నుంచి బయటపడినవారి చేతిలో తుపాకి లేకుండా చూశాయి. వాటికి విరుగుడుగా, పౌరసత్వానికీ చట్టం ముందు సమాన రక్షణకూ హామీ ఇస్తూ 1868లో 14వ సవరణ వచ్చింది. 1873 ఏప్రిల్ 13, ఈస్టర్ ఆదివారం, లూసియానాలోని కోల్‌ఫాక్స్‌లో కోర్టు భవనాన్ని కాపాడుకుంటున్న నల్లజాతి మిలీషియా మీద తెల్లవారి గుంపు దాడిచేసి పదుల సంఖ్యలో చంపింది. చాలామందిని లొంగిపోయిన తర్వాతే చంపారు. కేసు సుప్రీంకోర్టుకు వెళితే 1876లో వచ్చిన సమాధానం ఇది: రెండో సవరణ కాంగ్రెస్‌ను కట్టడి చేస్తుందే తప్ప ఒక పౌరుడి నుంచి మరో పౌరుణ్ణి కాపాడదు. హంతకులు బయటపడ్డారు. క్రమశిక్షణ గల మిలీషియా అన్న మాటకు అచ్చంగా సరిపోయే మనుషులు ఆ హతులు, అయినా సవరణ వాళ్లను కాపాడలేదు.

20వ శతాబ్దంలో చాలాకాలం కోర్టులు ఈ సవరణను పెద్దగా పట్టించుకోలేదు. 1939లో మిల్లర్ కేసు వచ్చింది. గొట్టం కోసేసిన షాట్‌గన్‌ను ఓక్లహోమా నుంచి ఆర్కన్సాకు తీసుకెళ్లారన్నది అభియోగం. నిందితుల తరఫున సుప్రీంకోర్టులో ఒక్క లాయరూ హాజరు కాలేదు. తీర్పు వచ్చేసరికి మిల్లర్ ఎవరి తూటాకో చనిపోయి ఉన్నాడు. అలాంటి తుపాకికి మిలీషియాతో సంబంధం ఉందని రుజువు లేదంటూ కోర్టు తేల్చేసింది. ఒకే పక్షం వాదన విని రాసిన ఆ చిన్న తీర్పు మీద దాదాపు 70 ఏళ్ల చట్టం నడిచింది.

నియంత్రణ ఎవరిమీద అన్నదాన్ని బట్టి పార్టీల వైఖరులు ఎలా మారతాయో 1967 చూపించింది. ఆ ఏడాది మే 2న నల్లజాతి హక్కుల కోసం పోరాడే బ్లాక్ పాంథర్ పార్టీ సభ్యులు తుపాకులతో కాలిఫోర్నియా శాసనసభ భవనంలోకి నడిచి వెళ్లారు. బహిరంగంగా నిండు తుపాకి మోయడాన్ని నిషేధించే మల్ఫర్డ్ చట్టం మీద సంతకం పెట్టింది గవర్నర్ రొనాల్డ్ రీగన్, తర్వాతి కాలంలో తుపాకి హక్కుల పక్షానికి ఆరాధ్యుడు. 1871లో గురి నేర్పే సంఘంగా పుట్టిన నేషనల్ రైఫిల్ అసోసియేషన్‌ను 1977 సిన్సినాటి సమావేశంలో కరడుగట్టిన వర్గం చేజిక్కించుకుంది. అక్కడి నుంచి వ్యక్తిగత హక్కు అన్న వాదనకు డబ్బు, పరిశోధన, ఓట్లు మూడూ సమకూరాయి. ఈ వాదన ప్రజలమీద జరిగిన అతిపెద్ద మోసాల్లో ఒకటని 1991లో టీవీలో మండిపడిన వ్యక్తి వామపక్షీయుడు కాదు, నిక్సన్ నియమించిన మాజీ ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్.

బర్గర్ మోసం అన్నది 17 ఏళ్లకు చట్టమైంది. వాషింగ్టన్ నగరంలో 1976 నుంచి చేతి తుపాకులపై దాదాపు పూర్తి నిషేధం ఉండేది. డిక్ హెలర్ అనే సెక్యూరిటీ గార్డు పగలంతా ఫెడరల్ భవనం దగ్గర తుపాకితో కాపలా కాసి, సాయంత్రం ఇంటికి ఖాళీ చేతులతో వెళ్లాలి. 2008 జూన్ 26న 5-4 తేడాతో సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పునిచ్చింది. మిలీషియా సంగతి ఉపోద్ఘాతమనీ, ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకి ఉంచుకోవడం వ్యక్తి హక్కనీ జస్టిస్ స్కాలియా రాశారు. ప్రజలంటే రాజకీయ సమాజంలోని సభ్యులందరూ అన్నారు. అదే తీర్పులో మరోచోట చట్టానికి లోబడే బాధ్యతగల పౌరులు అన్నారు. ఈ రెండూ ఒకటి కావు. తర్వాతి తగాదాలన్నీ ఆ సందులోంచే పుట్టుకొచ్చాయి.

రెండేళ్లకు మెక్‌డొనాల్డ్ కేసులో ఆ హక్కు రాష్ట్రాలకూ వర్తించింది. పిటిషనర్ ఓటిస్ మెక్‌డొనాల్డ్ డెబ్బైల్లో ఉన్న నల్లజాతీయుడు, షికాగోలో పదేపదే దొంగలు పడిన ఇంటి యజమాని. జస్టిస్ క్లారెన్స్ థామస్ విడిగా రాసిన అభిప్రాయంలో కోల్‌ఫాక్స్ హతుల నుంచి దక్షిణాది చట్టాల దాకా చరిత్రంతా తిరగదోడారు. తుపాకి నియంత్రణ అంటే ఉదారవాదం, తుపాకి హక్కు అంటే తెల్లవారి పట్టుదల అని లెక్క కట్టేవారు చదవాల్సిన పేజీలవి.

అదే థామస్ 2022 జూన్ 23న బ్రూయెన్ తీర్పు రాశారు. టెక్సస్‌లోని యువాల్డీ పాఠశాలలో 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు హతమై అప్పటికి సరిగ్గా 30 రోజులు. బయట తుపాకి మోయాలంటే తగిన కారణం చూపాలన్న 1913 నాటి న్యూయార్క్ చట్టం 6-3తో కొట్టుడుపోయింది. న్యూయార్క్‌లో పేద నిందితుల తరఫున వాదించే నల్లజాతి లాయర్లు కూడా ఆ చట్టాన్ని కొట్టేయాలనే కోరారు. లైసెన్సులేని తుపాకి కేసుల్లో జైలుకు పోతున్నది తమ కక్షిదారులే కాబట్టి.

బ్రూయెన్ పెట్టిన పరీక్ష మరీ చిత్రమైనది. ఒక నియంత్రణ నేడు ప్రాణాలు కాపాడుతుందా అన్నది లెక్కలోకి రాదు. దేశ చారిత్రక సంప్రదాయంలో దానికి పోలిక ఉందా అన్నదే లెక్క. జడ్జిలు రాత్రికి రాత్రి చరిత్రకారులు కావాల్సి వచ్చింది. మిసిసిపీ ఫెడరల్ జడ్జి కార్ల్‌టన్ రీవ్స్ అదే ఏడాది ఒక ఉత్తర్వులో, 1791లో తెల్లజాతి సంపన్న పురుష ఆస్తిపరులు తుపాకుల నియంత్రణ గురించి ఏమనుకున్నారో తేల్చే నైపుణ్యం తమకు లేదని రాసి, చరిత్రకారుణ్ణి నియమించమంటారా అని ఇరుపక్షాలను అడిగారు. వ్యంగ్యంలా వినిపించినా అది న్యాయమైన ప్రశ్న.

పరీక్షలోని లోపం రహీమీ కేసులో నడివీధిలోకి వచ్చింది. టెక్సస్‌కు చెందిన ఈ వ్యక్తి మీద 2020లో ప్రియురాలిని బెదిరించిన కేసులో రక్షణ ఉత్తర్వు ఉంది. ఆ తర్వాత వరసగా కాల్పుల ఘటనలు. ఒకసారి హోటల్లో మిత్రుడి క్రెడిట్ కార్డు చెల్లలేదని గాల్లోకి కాల్చాడు. అలాంటివాడి దగ్గర తుపాకి ఉండరాదన్న ఫెడరల్ చట్టం చెల్లదని 2023లో అప్పీలు కోర్టు చెప్పింది, ఆనాటి చట్టాల్లో పోలిక దొరకలేదట! ఎలా దొరుకుతుంది? భార్యను కొట్టడం ఇంటి విషయమనుకున్న కాలంలో, ఆడవాళ్లకు ఓటే లేని శాసనసభల్లో, కొట్టేవాడి చేతిలోంచి తుపాకి లాక్కునే చట్టం ఎవరు చేస్తారు? ప్రజల్లో లెక్కకు రానివారి భద్రత గురించి చరిత్ర మౌనంగా ఉంటే, ఆ మౌనాన్నే సంప్రదాయంగా తీసుకోవడం ఈ పరీక్షలోని అసలు తప్పు. 2024 జూన్‌లో సుప్రీంకోర్టు 8-1తో ఆ చట్టాన్ని నిలబెట్టింది. అచ్చు పోలిక అక్కర్లేదు, సూత్రం కలిస్తే చాలని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ సర్దారు. ఒంటరిగా విభేదించింది బ్రూయెన్ రాసిన థామసే. పరీక్షను ఆయన పెట్టినట్టే పెడితే సమాధానం అలాగే వస్తుంది మరి.

ఇదే పరీక్ష పెన్సిల్వేనియా మనిషి ఒకరిని తిరిగి ‘ప్రజల్లోకి’ తెచ్చింది. 1995లో ఆదాయం తక్కువ చూపి సుమారు 2,500 డాలర్ల ఆహార కూపన్లు పొందినందుకు జీవితాంతం తుపాకి హక్కు కోల్పోయిన ఆయన కూడా ప్రజల్లో ఒకడేనని ఫిలడెల్ఫియా అప్పీలు కోర్టు 2023లో తేల్చింది. 2024లో మళ్లీ అదే మాట అంది. ఇది సబబైన తీర్పనే అనిపిస్తుంది.

టీవీ చర్చలన్నీ సామూహిక కాల్పుల చుట్టూ, ఏఆర్-15 రైఫిళ్ల చుట్టూ తిరుగుతాయి. 2021లో అమెరికాలో తుపాకులకు బలైనవారు 48,830 మంది, వారిలో సగానికి పైగా ఆత్మహత్యలు. హత్యల్లోనూ ఎక్కువ భాగం చేతి తుపాకులతోనే, అంటే హెలర్ తీర్పు గట్టిగా కాపాడిన ఆయుధంతోనే. 2017 అంచనా ప్రకారం జనం చేతుల్లో 39 కోట్లకు పైగా తుపాకులున్నాయి, జనాభా కంటే ఎక్కువ. సవరణను రద్దు చేయాలంటే ఉభయసభల్లో మూడింట రెండు వంతులు, ఆపైన 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి. 2024 నాటికి 29 రాష్ట్రాల్లో పర్మిట్ లేకుండానే తుపాకి తీసుకెళ్లవచ్చు. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే రద్దు గురించి ఇంకేమీ చెప్పక్కర్లేదు.

భారతదేశమూ ఒకప్పుడు ఈ దారి ముఖద్వారం దాకా వెళ్లింది. వలస పాలకుల 1878 ఆయుధ చట్టం మీద కోపంతో, నిబంధనలకు లోబడి ఆయుధాలు ఉంచుకునే హక్కును కాంగ్రెస్ పార్టీ 1931 కరాచీ తీర్మానంలో చేర్చింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దాన్ని గుర్తుచేసి సవరణ ప్రతిపాదిస్తే అంబేద్కర్ ఒప్పుకోలేదు. ఇప్పుడు మన ప్రాథమిక హక్కుల అధ్యాయంలో ఆయుధం ప్రస్తావన శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కులో ఒకటి, సిక్కుల కృపాణం గురించి మరొకటి. తుపాకి మన దగ్గర లైసెన్సు వ్యవహారంగానే మిగిలింది, అందుకే దాని గురించి వాదన కలెక్టర్ కార్యాలయం దాటి రాదు.

అక్కడ మాత్రం చరిత్ర రోజూ సాక్ష్యానికి వస్తూనే ఉంది. అందరికీ తెరిచి ఉండే దుకాణం వంటి ప్రైవేటు స్థలంలోకి యజమాని అనుమతి లేకుండా తుపాకితో రాకూడదని హవాయి 2023లో చట్టం చేసింది. దాన్ని సమర్థించడానికి అప్పీలు కోర్టు ఆధారం చేసుకున్న పాత చట్టాల్లో 1865 నాటి లూసియానా చట్టం ఒకటి. బానిసత్వం నుంచి అప్పుడే బయటపడిన నల్లవారి చేతుల్లోంచి తుపాకులు తీసేసేందుకు తెచ్చిన చట్టాలతోపాటే పుట్టిందది. 2025లో ఈ కేసును సుప్రీంకోర్టు విచారణకు స్వీకరించింది. నియంత్రణ కోరే ఉదారవాదులు ఆ చట్టాన్ని సంప్రదాయంగా చూపడం, హక్కు కోరే సంప్రదాయవాదులు అది జాతి వివక్ష అని ఎత్తిపొడవడం... బ్రూయెన్ పరీక్ష పక్షాలను ఇలా తారుమారు చేసింది. గంజాయి వాడేవారికి నిషేధం చెల్లుతుందా అన్న కేసునూ అదే ఏడాది స్వీకరించారు.

ఇక మిగిలింది ఫారంలోని వలసదారుల ప్రశ్నలు. దేశంలో అనుమతి లేకుండా ఉంటున్న వ్యక్తికి సైతం ఈ హక్కు ఉండవచ్చని 2024లో ఇల్లినాయిస్ ఫెడరల్ జడ్జి ఒకరు తీర్పు చెప్పగా, వేరే అప్పీలు కోర్టులు అలాంటివారు ప్రజల లెక్కలోకి రారన్నాయి. పన్నులు కట్టేవాడు, అద్దె ఇంట్లో పదేళ్లుగా ఉంటున్నవాడు, పిల్లలు అక్కడే పుట్టి పౌరులైనవాడు రాజకీయ సమాజంలో సభ్యుడు అవునా కాదా అన్నదానికి స్కాలియా వాక్యంలో జవాబు లేదు. రాత్రి పదకొండు గంటలకు దుకాణం కౌంటర్ వెనుక నిలబడే తెలుగు యువకుడు వీసా మీద ఉంటే, తలుపు తోసుకుని లోపలికి వచ్చిన కస్టమర్ నడుముకు పిస్టల్ ఉండటం 29 రాష్ట్రాల్లో మామూలు సంగతి. కౌంటర్ ఇవతల ఉన్నవాడు మాత్రం ఫారం 4473 నింపితే వీసా ప్రశ్న దగ్గర ‘అవును’ గడిలో టిక్కు పెట్టాలి, మినహాయింపు ఏదీ లేకపోతే అక్కడితో అమ్మకం ఆగిపోతుంది.